అమ్మ మోకాళ్లకి అల్లం క్యాప్సూల్స్, మధ్యలో ఐరన్ గొడవ

అమ్మ మోకాళ్లు వాచి మెట్లు దిగలేకపోతుంటే ఎంవీపీ కాలనీలో ఒక మందుల షాపుకి వెళ్లాను. "ఇది వాడండి సార్, వాపు లాగేస్తుంది, ఒంట్లో ఐరన్, జింకు కూడా బ్యాలెన్స్ అయిపోతాయి" అని షాపతను అల్లం సారం డబ్బా చేతిలో పెట్టాడు. 60 క్యాప్సూల్స్, 640 రూపాయలు. డబ్బా మీదా అదే ముక్క పెద్దక్షరాల్లో ఉంది. మందుగా వాడేందుకు కాదు అన్న మాట మాత్రం వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకున్నాకే కనిపించింది.

సరుకైతే నాసిరకం కాదు. ఒక క్యాప్సూల్ విప్పి పొడి నాలుక మీద వేసుకుంటే ఘాటు చెవుల దాకా పోయింది, వాసన అచ్చం సొంఠే. పచ్చి అల్లంలో ఆ ఘాటు జింజెరాల్‌ది, ఎండితే కొంత షోగాల్‌గా మారి ఇంకా మండుతుంది. మూడు వారాలకి పొద్దున్నే మోకాళ్లు పట్టేయడం కాస్త తగ్గిందంది అమ్మ. అది క్యాప్సూల్ మహిమో, నేను రోజూ పెట్టిన వేడినీళ్ల కాపడం వల్లో తేల్చలేను.

నాకు ఒళ్లు మండింది ఆ బ్యాలెన్స్ మాటకే. అంతకుముందు చేయించిన రక్తపరీక్షలో ఒంట్లో వాపు ఉందని చూపించే సీఆర్పీ ఎక్కువ, ఐరన్ తక్కువ, నిల్వని చూపించే ఫెర్రిటిన్ మాత్రం ఎక్కువ. ఇదెక్కడి లెక్కండీ అని అడిగితే డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, మంట ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతుంది, అది కణాల్లోంచి ఇనుము బయటికొచ్చే దారి మూసేస్తుంది, దాంతో ఉన్న ఇనుము కూడా రక్తంలోకి రాదు. జింకు రక్తంలో తగ్గి కాలేయంలోకి చేరుతుంది. రాగి మాత్రం పెరుగుతుంది, దాన్ని మోసే సెరులోప్లాస్మిన్ అప్పుడు ఎక్కువ తయారవుతుంది కాబట్టి. సూక్ష్మజీవుల చేతికి ఇనుము చిక్కకుండా ఒళ్లే బీరువాకి తాళం వేసుకుందన్నమాట. లోపలి మంట చల్లారితే ఆ తాళం అదే తీస్తుంది. అల్లం సారం ఇస్తే ఎలుకల పాదాల వాపు తగ్గిందన్న ప్రయోగాలున్నాయి, కాదనను, కానీ ఎలుక పాదం దగ్గర్నుంచి మా అమ్మ ఐరన్ రిపోర్టు దాకా ఒక్క గెంతు గెంతేస్తే ఎలా? డబ్బా అయ్యాక మళ్లీ పరీక్ష చేయిస్తే ఐరన్ ఉన్నచోటే ఉంది.

పరగడుపున వేసుకుంటే గుండెల్లో మంట, రోజంతా తేన్పులు. "ఏట్రా ఇది, పెసరట్టు లేకుండా అల్లప్పచ్చడి తిన్నట్టుంది" అంది అమ్మ. ఇంకోటి, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి పోకండి, షాపతను ఆ ప్రశ్నే అడగలేదు.

5కి 2 ఇస్తాను, ఆ రెండూ ఘాటుకే. రెండో డబ్బా కొనలేదు. పూర్ణా మార్కెట్లో పావుకిలో సొంఠి తెస్తే దంచి కాఫీలో వేసుకుంటోంది, మోకాళ్ల గురించి కాదుట, రుచి కోసమట.