ఊరెళ్లినప్పుడు మొక్కలకు నీళ్లు: కుళాయి టైమరుతో పది రోజులు

మే నెలలో పది రోజుల కాశీయాత్రకు ముందు, మలక్‌పేటలోని మా డాబా మీది నలభై కుండీల కోసం కుళాయికి బిగించే టైమరును, గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పర్లను కొన్నాను. మా ట్యాంకు అంత ఎత్తులో లేదు కనుక, నీటి ఒత్తిడి తక్కువైతే సరిగా పనిచేయని సోలినాయిడ్ (విద్యుదయస్కాంతంతో తెరుచుకునే) రకాన్ని వదిలి బాల్ వాల్వ్ (చిన్న మోటారు లోపలి బంతిని తిప్పితే తెరుచుకునే) రకాన్ని ఎంచుకున్నాను. పొద్దున, సాయంత్రం పదిహేనేసి నిమిషాలు పెడితే కుండీకి రోజుకు ఒక లీటరు అందుతుంది.

వారం ముందే బిగించి చూడడం మంచిదయింది. ట్యాంకులోని నాచు, ఇసుక చేరి మూడో రోజుకే ఐదు డ్రిప్పర్లు మూసుకుపోయాయి. ఫిల్టరు విడిగా కొనుక్కోవాలన్న మాట పెట్టె మీద ఎక్కడా లేదు, అదే నా ప్రధానమైన ఫిర్యాదు.

గ్యాసు రెగ్యులేటరు కట్టేయడం, ఫ్రిజ్ ఖాళీ చేయడం అరగంట పని. ట్యాంకు నింపడం మాత్రం ఏ టైమరూ చేయదు కనుక, జలమండలి నీళ్లు వచ్చిన రోజున మోటారు వేయమని కింది వాటా అక్కయ్యగారికి తాళంచెవి ఇచ్చి వెళ్లాము.

తిరిగి వచ్చేసరికి గోంగూర, కరివేపాకు, మల్లె పచ్చగా ఉన్నాయి. గొట్టం చివరనున్న రెండు వంగమొక్కలు వాడిపోయాయి. కలబంద నీరెక్కువై కుళ్లింది, దానికీ డ్రిప్పరు పెట్టడం నా తెలివితక్కువే.