నల్లకుంటలో మా సంగీతం బడి: నేర్పేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఏం ఇచ్చారు

నల్లకుంట, విద్యానగర్, చిక్కడపల్లి ప్రాంతంలో సంగీతం నేర్పే చోట్లకు కొదవ లేదు. త్యాగరాయ గానసభ ఇక్కడే ఉంది, రాంకోఠిలో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, ఇక సందుకో బోర్డు కనిపిస్తుంది. వీటిల్లో ఒక చిన్న బడికి మా అమ్మాయి రెండో తరగతి నుంచి వయొలిన్ కోసం వెళ్తోంది. ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. నేను కూడా అక్కడే సాయంత్రం పెద్దల బ్యాచ్‌లో గాత్రం నేర్చుకుంటున్నాను. కొన్ని ఫిర్యాదులు కూడా రాయాల్సి ఉంది కాబట్టి బడి పేరు రాయడం లేదు.

పిల్లల్ని చేర్పించడానికి వచ్చేవాళ్లు ఫీజెంత, వారానికి ఎన్ని క్లాసులు, పరీక్షలు రాయిస్తారా అని అడగడం రోజూ వింటుంటాను. నేర్పేది ఎవరు, ఆయన ఇంతకు ముందు ఏ పని చేసేవారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇన్నేళ్లు దగ్గర్నుంచి చూశాక నాకు ఆ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తోంది. మాస్టారు ఏ పనిలో తలపండారో ఆ పని అలవాట్లే పిల్లల చేతికీ గొంతుకీ వస్తాయి. మా బడిలో ఉన్న అయిదారుగురూ పూర్తిగా వేర్వేరు దారుల్లో వచ్చినవాళ్లు. అందుకే ఆ తేడా అంత స్పష్టంగా కనపడింది.

ముందు వయొలిన్ మాస్టారి గురించి చెప్పాలి. ఆయనది విజయనగరం. అక్కడి మహారాజా సంగీత కళాశాలలోనే డిప్లొమా చేశారు. 1919లో మొదలైన కళాశాల అది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని, నీకు మేం నేర్పేదేముంది అని అధ్యాపకుడిగానే వేసుకున్నారని అక్కడ చదివినవాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నాయుడు గారు 1964లో పోయారు. మా మాస్టారు ఆయన శిష్యుల దగ్గర నేర్చుకున్న తరం. ఆ బాణీ ముద్ర మొదటి నెలలోనే తెలిసింది. మా బంధువుల పిల్లలు వేరే చోట చేరిన వారానికే వేళ్లు పెట్టి సరళీ వరుసలు (మొదటి స్వర పాఠాలు) వాయించడం మొదలుపెట్టారు. ఈయన వేళ్ల జోలికే పోలేదు. ఖాళీ తీగ మీద కమాను ఈ కొస నుంచి ఆ కొస దాకా, నాదం వణక్కుండా, మధ్యలో తెగకుండా లాగాలి. స, ప, మళ్లీ స, ప. ఉన్న నాలుగు తీగల మీదా అదే పని. ఇంట్లో వినేవాళ్లకి విసుగొచ్చేది. ఇంకెన్నాళ్లండీ అని మా వారు వెళ్లి అడిగారు కూడా. నాదం నిలబడ్డాక రాగం దానంతట అదే వస్తుందని ఆయన ఓపిగ్గా చెప్పి పంపారు. ఈ రోజు మా అమ్మాయి వాయిస్తుంటే తెలియనివాళ్లు కూడా ఆగి వినేది ఆ నిండైన నాదాన్నే.

కళాశాల అయ్యాక ఆయన ఆకాశవాణిలో చేరి, నిలయ విద్వాంసులుగా రిటైరయ్యారు. ఆ ఉద్యోగం ఏమిటో చాలామందికి తెలియదు. పొద్దున భక్తిరంజని, తర్వాత లలిత సంగీతం, సాయంత్రం ఎవరిదో శాస్త్రీయ సంగీత కచేరీ. ఎవరు పాడడానికి వచ్చినా పక్కన కూర్చుని వాయించాలి. వచ్చే ఆవిడ పాడేది ఐదున్నర శ్రుతి, అంటే పై స్థాయి అయితే, ఆ తర్వాత వచ్చే ఆయనది ఒకటిన్నర, కింది స్థాయి. పాట ముందు తెలిసినదే కావాలని లేదు. కేటాయించిన నిమిషాల్లో ముగించాలి. అన్నేళ్లు అలా గడిపిన మనిషి దగ్గర నేర్చుకుంటే పిల్లలకు ఏం వస్తుందో చెప్తాను. మా అమ్మాయి ఎవరి శ్రుతికైనా బిరడాలు తిప్పి తనే తీగలు సరిచేసుకుంటుంది. పాడేవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో గమనిస్తుంది. సాహిత్యం నోటికి రాకుండా ఏ కీర్తనా ఆయన వాయించనివ్వరు, ముందు పాడాలి. పక్కవాద్యం అంటే పాటను మోయడం అన్న ఆలోచన వాళ్లలో చిన్నప్పుడే నాటుకుంది. సోలో పోటీల్లో బహుమతులు మా బడి పిల్లలకు పెద్దగా రావు, అది నిజం. వేగం చూపించే తరహా ఆయనది కాదు. బహుమతులే ముఖ్యమనుకునే తల్లిదండ్రులకు ఈ పద్ధతి నచ్చదు. నాకు మాత్రం ఇదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే ఇంకొకరి సంగీతాన్ని వినడం నేర్చుకున్న పిల్ల సంగీతాన్ని వదిలిపెట్టదు.

ఇక్కడే ఇంకో మాట. చాలా బడుల బోర్డుల మీద "రేడియో ఆర్టిస్ట్" అని ఉంటుంది. రేడియోలో ఒకసారి పిల్లల కార్యక్రమంలో పాడినవాళ్లూ అలా రాసుకుంటారు. ఆకాశవాణిలో ఆడిషన్ పెట్టి గ్రేడ్ ఇస్తారు: బి, బి-హై, ఏ, ఆ పైన టాప్. గ్రేడ్ ఉందా, ఉంటే దేంట్లో అని మర్యాదగా అడగొచ్చు. నిజంగా ఉన్నవాళ్లు సంతోషంగా చెప్తారు. అలాగే ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు, దాని తర్వాత రెండేళ్ల డిప్లొమా ఉంటాయి. సర్టిఫికెట్‌తో ఆపినవాళ్లకీ డిప్లొమా పూర్తి చేసినవాళ్లకీ మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడడం) నేర్పే దగ్గర తేడా కనిపిస్తుంది. మొదటి రెండేళ్ల పాఠాలకు మాత్రం అంత తేడా ఉండదు.

కరోనా రోజుల్లో క్లాసులన్నీ ఫోన్లోకి వెళ్లిపోయాయి. గురువూ శిష్యులూ కలిసి పాడదామంటే కుదరదు, ఒకరి గొంతు ఇంకొకరికి చేరేలోపు తాళం తప్పుతుంది. చాలామంది మాస్టార్లు చేతులెత్తేశారు. మా వయొలిన్ మాస్టారికి మైకు ముందు కూర్చోవడం అలవాటైన పనే. ప్రతి పాఠాన్నీ చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి పంపేవారు. ముక్క చివర పిల్లలు తిరిగి వాయించడానికి సరిగ్గా సరిపడా ఖాళీ ఉంచేవారు. ఫోన్ ఎంత దూరంలో పెట్టాలో, కమాను చప్పుడు రాకుండా ఏ వైపు తిరగాలో కూడా చెప్పేవారు. ఆ రికార్డింగులు ఇప్పటికీ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి.

గాత్రం నేర్పే టీచర్ గారిది విజయవాడ. వాళ్ల గురువుగారిది పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్య పరంపర. త్యాగరాజ స్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, వారి దగ్గర నేర్చుకున్నది పంతులు గారు. బాలమురళీకృష్ణ గారికీ, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారికీ గురువు ఆయనే. టీచర్ గారు ఈ వరసను గోడ మీద రాయించుకోలేదు. ఓ కీర్తనలో నేను ఒక సంగతి (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల్లో ఒకటి) వేరేగా పాడితే, మా పాఠంలో ఇలా ఉండదమ్మా అన్నారు. మరి ఎవరి పాఠం అని అడిగితే అప్పుడు చెప్పారు. ఒక్కో సంగతి ఎవరి నుంచి వచ్చిందో ఆవిడకు తెలుసు. తెలుగు మాటను ఎక్కడ విరవకూడదో ఆవిడ పట్టుకున్నంత గట్టిగా పట్టుకునేవాళ్లను నేను చూడలేదు. పదం మధ్యలో ఊపిరి తీస్తే ఆపేసి, ఇప్పుడు ఆ మాటకు అర్థమేమిటో చెప్పు అంటారు. నలభై దాటాక గొంతు విప్పిన నాలాంటి దానికి కూడా ఆ శ్రద్ధలో ఏ మాత్రం తేడా చూపించలేదు.

ఆవిడ ఇప్పుడు వారానికి ఒక్క రోజే వస్తున్నారు, నా పెద్ద ఫిర్యాదు ఇదే. బడివాళ్లు ఇచ్చేది నెల జీతం కాదు, క్లాసుకింత అని లెక్క. పండగ సెలవులొస్తే ఆ నెల అంతే. అదే ఆవిడ తెల్లవారుజామున ఇంట్లోనే కూర్చుని అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్తే దానికి ఎన్నో రెట్లు వస్తుంది. మనకు తెల్లారే వేళ వాళ్లకు సాయంత్రం, అంచేత టైము కూడా కుదురుతుంది. హైదరాబాద్‌లో మంచి గాత్రం టీచర్లలో చాలామంది దారి ఇదే ఇప్పుడు. ఆవిడ్ని తప్పు పట్టను. ముప్పై ఏళ్ల విద్యకు తగిన డబ్బు అడగడంలో తప్పేముంది? తల్లిదండ్రుల దగ్గర ఏటా ఫీజు పెంచుతూ, టీచర్ల దగ్గరికి వచ్చేసరికి చేయి బిగించే బడి యాజమాన్యానిదే తప్పు. ఈ మాట మీటింగులో వాళ్ల ముందే అన్నాను.

ఆవిడ లేని రోజుల కోసం కచేరీలు చేసే ఒక యువ గాయకుణ్ణి తీసుకొచ్చారు. అద్భుతమైన గాత్రం. కానీ డిసెంబర్ వస్తే మద్రాసు కచేరీల సీజన్, ఆ తర్వాత త్యాగరాజ ఆరాధనోత్సవాలు. క్లాసులు వరసగా రద్దయ్యేవి. వచ్చిన రోజు కూడా సాధన మధ్యలో ఉన్న మనిషి తన రాగంలో తానుండేవారు. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు, పాఠం మాత్రం ముందుకు నడవలేదు. వేదిక మీద వెలిగే దశలో ఉన్నవాళ్లను మొదటి మెట్టు పిల్లలకు అప్పగించడం ఇద్దరికీ నష్టమే. వర్ణాలు (కీర్తనలకు ముందు నేర్పే పాఠాలు) దాటిన పెద్ద పిల్లలకు నెలకోసారి ఆయనతో క్లాసు పెడితే ఎంతో బాగుండేది.

మృదంగం మాస్టారు ఏళ్ల తరబడి కూచిపూడి బృందాలతో తిరిగినవారు, రవీంద్రభారతిలో ఆయన వాయించని నెల ఉండేది కాదట. నాట్యానికి వాయించినవాళ్ల కళ్లు ఎప్పుడూ ఎదుటి మనిషి పాదాల మీద ఉంటాయి. అందుకే ఆయన క్లాసులో పిల్లలు మొదటి రోజు నుంచి నిలబడి, అడుగు వేస్తూ జతులు (తకధిమి లాంటి తాళం మాటలు) చెప్తారు. ఖండచాపు తాళానికి అయిదు, మిశ్రచాపుకు ఏడు అని మా అమ్మాయికి వేళ్ల లెక్కతో ఎంతకీ పట్టుబడలేదు. ఆయన దగ్గర కొన్ని వారాలు కూర్చున్నాక నడకలోనే వచ్చేసింది. వయొలిన్ పిల్లలనూ గాత్రం పిల్లలనూ ఆయన దగ్గరికి పంపే ఏర్పాటు ఈ బడి చేసిన మంచి పనుల్లో ఒకటి. చెయ్యి కొంచెం బరువు. నెమ్మదిగా సాగే కీర్తనకు ఆయన వాయిద్యం ఎక్కువైనట్టు నాకు అనిపిస్తుంది.

కీబోర్డు మాస్టారు సినిమా రికార్డింగుల నుంచి వచ్చారు. పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి తరలినప్పుడు ఆయనా వచ్చేశారు. ఒకప్పుడు పాటకు పదుల సంఖ్యలో వాద్యకారులు ఒకే హాల్లో కూర్చుని వాయించేవారు. ఆ పనిలో చాలా భాగం కంప్యూటర్ మీద ఒక్కరే చేసుకునే రోజులొచ్చాక, ఆయనలాంటి వాళ్లు పాఠాలు చెప్పడం వైపు మళ్లారు. స్వరాలు రాసిన కాగితం ముందు పెడితే చూస్తూనే వాయించేయగలరు. లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్ పరీక్షలకు వెళ్లే పిల్లలకు ఆ విద్య బాగా పనికొస్తుంది. ఆయనలో నాకు బాగా నచ్చింది నిజాయితీ. కీబోర్డు మీద కర్ణాటక సంగీతం నేర్పండి అని అడిగితే, మెట్లు కదలవు, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదు, అది కావాలంటే వీణకో వయొలిన్‌కో పంపండి అని ముఖం మీదే చెప్తారు. బడికి ఓ అడ్మిషన్ పోయినా సరే.

వీణ టీచర్ తెలుగు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసిన అమ్మాయి. పుస్తక జ్ఞానం బాగా ఉంది, మేళకర్తల (మూల రాగాల) పట్టిక పిల్లలకు ఆటలా నేర్పుతుంది. చేరి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి ఇప్పుడే ఏమీ అనలేను. గిటార్ మాస్టారు సికింద్రాబాద్ చర్చి క్వాయర్‌లో పెరిగినవారు. ఆయన క్లాసు మేం చూసింది తక్కువ. పిల్లలు మాత్రం క్లాసు అయిపోయినా కదలరు.

మిగతా విషయాలు. గదులు ఇరుకు, పక్క గదిలో మృదంగం మొదలైతే శ్రుతి వినపడదు. పార్కింగ్ లేదు. ఆఫీసులో ఫోన్ ఎత్తరు, క్లాసు రద్దయిన సంగతి గుమ్మం దాకా వెళ్లాక తెలుస్తుంది. మాస్టారు మారినప్పుడు ముందు చెప్పకపోవడం అన్నిటికన్నా చికాకు. బాణీ మారితే పిల్లకు ఆరు నెలల పాఠం అటూ ఇటూ అవుతుంది. ఒకసారి అలా జరిగాక మేం కొందరం కలిసి గట్టిగా అడిగితే, ఇప్పుడు ఒక నెల ముందు చెప్తున్నారు.

వయొలిన్ కోసమైతే కళ్లు మూసుకుని చేర్పించమంటాను, అదీ మాస్టారు ఓపికగా ఉన్నంత కాలం. ఆయనకు డెబ్భై దాటాయి, చిన్నపిల్లల కొత్త బ్యాచ్‌లు తగ్గించుకుంటున్నారు. గాత్రానికి టీచర్ గారి రోజు దొరికితేనే చేరండి. పాశ్చాత్య గ్రేడ్ పరీక్షలే లక్ష్యమైతే కీబోర్డుకు ఫరవాలేదు. వేగంగా వేదిక ఎక్కాలనుకునే పిల్లలకు ఈ బడి సరిపోదు. ఫోన్‌లో అడిగితే ఫీజు తప్ప ఇంకేమీ చెప్పరు కాబట్టి సాయంత్రం ఆరు తర్వాత నేరుగా వెళ్లండి. ఏ రోజు ఎవరు వస్తారో కనుక్కుని, ఆ మాస్టారి క్లాసులో ఓ అరగంట వెనక కూర్చుంటామని అడగండి. ఇప్పటిదాకా ఎవర్నీ కాదనడం నేను చూడలేదు.