జాగ్రత్త: ‘అంతా మా పొలంలో పండినదే’ అన్న మాట నమ్మి ముందే డబ్బు కట్టకండి

సీజను మొత్తానికి వారం వారం వచ్చే కూరగాయల బుట్టకు ముందుగానే పూర్తి సొమ్ము కట్టి, రెండు రాత్రుల పొలం విడిదికి కుటుంబంతో వెళ్లి, మోసపోయి వచ్చాను. ఇలాంటి చోట కొనాలని, పిల్లలను తీసుకువెళ్లాలని అనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఆ ఫారం పేరు రాయడం లేదు. ఇటువంటి మోసం మరో చోట మరో పేరుతో కూడా జరగవచ్చు కాబట్టి, దాన్ని ఎలా పసిగట్టాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగం.

పొలంలో అతిథులను ఉంచుకోవడానికి, పంటను నేరుగా అమ్ముకోవడానికి నేను వ్యతిరేకిని కాను. పెట్టుబడి కూడా తిరిగి రాని ఏళ్లలో ఎన్నో రైతు కుటుంబాలను నిలబెట్టేది ఆ అదనపు ఆదాయమే. ఇటలీలో దీనికి 1985లోనే చట్టం చేశారు. అతిథి మర్యాద అనుబంధంగా ఉండాలి, వ్యవసాయమే ప్రధానంగా సాగాలి అన్నది అందులోని మూల షరతు. నేను వెళ్లిన చోట విడిది గదులే ప్రధానం, వ్యవసాయం గోడమీది బొమ్మల్లో ఉంది.

నాకు అనుమానం వచ్చింది టమాటాల దగ్గర. మొదటి రోజు సాయంత్రం తోట చూపించారు. మొక్కలు మోకాలి ఎత్తు దాటలేదు, అప్పుడప్పుడే పసుపు పూలు పూస్తున్నాయి. పువ్వు నిలిచిన నాటి నుంచి కాయ ఎర్రబడడానికి రమారమి 40 నుంచి 60 రోజులు పడుతుంది. మరి మూడు వారాలుగా మా ఇంటికి వస్తున్న పండ్లు ఏ మొక్కకు కాశాయి? అడిగితే, పెద్ద మడి అవతల ఉందని, దారంతా బురదగా ఉందని అన్నారు. నేనే నడుచుకుంటూ వెళ్లి చూశాను. దారి పొడిగానే ఉంది. అవతల ఉన్నది బీడు.

మర్నాడు తెల్లవారక ముందే చిన్న లారీ వచ్చింది. టోకు మార్కెట్ ముద్ర ఉన్న ప్లాస్టిక్ ట్రేలు దించారు. వాటిలోని సరుకును అల్లిక బుట్టల్లోకి మార్చి, పైన నాలుగు ఆకులు కప్పి, ఫారం పేరున్న చీటీలు కట్టారు. పండ్ల మీది స్టిక్కర్లు ఒక్కొక్కటే పీకుతున్నామె నన్ను చూసి తల దించుకుంది. కూలికి వచ్చిన మనిషి, ఆమెను నేను తప్పు పట్టను. ఆ బుట్టల్లో ఒకటి మా ఇంటికి రావలసినదే.

బయట కొన్న సరుకు అమ్మడం తప్పని కాదు నా బాధ. పక్క రైతు దగ్గర తెచ్చామని చీటీ మీద రాస్తే సంతోషంగా తీసుకునేవాణ్ణి. ముందే డబ్బు కట్టే ఈ పద్ధతి వెనుక ఒక ఒప్పందం ఉంది. జపాన్‌లో 1970లలో ‘తేయికెయి’ పేరుతో వినియోగదారులు, రైతులు నేరుగా కలిశారు. అమెరికాలో ఇలాంటి తొలి పొలాలు 1986లో మసాచుసెట్స్‌లో, న్యూహాంప్‌షైర్‌లో మొదలయ్యాయి. విత్తే ముందే రైతు చేతికి డబ్బు అందుతుంది, అప్పు తప్పుతుంది. అందుకు బదులుగా పంట బాగా పండితే బుట్ట నిండుతుంది, వాన ముంచితే బుట్ట తగ్గుతుంది, ఆ నష్టంలో కొనేవారూ పాలు పంచుకుంటారు. నేను కట్టింది ఆ నమ్మకంతోనే. ‘ఈసారి నాట్లు ఆలస్యమయ్యాయి, మూడు వారాలు ఆకుకూరలే పంపగలం’ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంట్లో ఎవరూ పెదవి విరిచేవాళ్లం కాదు. కష్టంలో తోడుండడానికి డబ్బు కట్టినవాళ్ల దగ్గర ఆ కష్టాన్నే దాచిపెట్టారు.

తేనె సంగతీ అంతే. కొట్టులో కిలో సీసాలు వరుసలు కట్టి ఉన్నాయి, నేను లెక్కపెట్టినంత వరకే నాలుగు వందలు దాటాయి. తోట చివర తేనెటీగల పెట్టెలు నాలుగు. ఒక పెట్టె నుంచి ఏడాదికి 20, 30 కిలోలు తీయగలిగితే మంచి దిగుబడి కిందే లెక్క. నీళ్లలో వేసి చూడడం, అగ్గిపుల్లతో వెలిగించడం వంటి ఇంటి పరీక్షలను నమ్ముకోకండి. చక్కెర పాకం కల్తీని తేల్చడానికి ప్రయోగశాలలో ఐసోటోపు పరీక్షల వంటివి కావాలి. పెట్టెలను లెక్కపెట్టడం మాత్రం ఎవరైనా చేయగలరు.

‘ఆర్గానిక్’ అని బోర్డు కూడా ఉంది. ఎప్పటి నుంచి అంటే, నిరుటి నుంచి అన్నారు. రసాయనాలు మానేసిన మరునాడే ఆ మాట వాడడం కుదరదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకాల ప్రకారం సాధారణంగా ఏటా వేసే పంటలకు విత్తడానికి ముందు కనీసం రెండేళ్లు, పండ్ల తోటల వంటి బహువార్షిక పంటలకు తొలి కోతకు ముందు కనీసం మూడేళ్లు మార్పిడి కాలం గడవాలి. ధ్రువపత్రం చూపించమంటే మాట మార్చారు.

ఇక డబ్బు కంటే పెద్ద విషయం. పిల్లల చేత మేకపిల్లలకు మేత పెట్టించి, ఆ చేతులతోనే భోజనానికి కూర్చోబెట్టారు. పశువుల పాక దగ్గర కుళాయి లేదు, స్తంభానికి వేలాడదీసిన శానిటైజర్ సీసా ఒకటి ఉంది. పేడ, మట్టి అంటిన చేతులకు అది చాలదు. సబ్బు, పారే నీళ్లు కావాలి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మీద ఆల్కహాల్ జెల్ ప్రభావం చూపదు. పైకి ఆరోగ్యంగా కనిపించే పశువు పేగుల్లో కూడా ఈ.కోలి ఓ157 అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఉండవచ్చు. 2009లో ఇంగ్లండ్‌లోని సర్రేలో సందర్శకులు వచ్చే ఒక ఫారం నుంచి ఇది 93 మందికి సోకింది. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు, కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

పాలు కూడా కాచకుండానే గ్లాసుల్లో పోసి ఇచ్చారు. ఇప్పుడే పిండినవి, స్వచ్ఛమైనవి అన్నారు. తాజాగా ఉన్నంత మాత్రాన పాలలోని సూక్ష్మజీవులు చావవు. పాశ్చరీకరణలో పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు గాని, 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు గాని ఉంచేది అందుకే. మా పక్క బల్ల దగ్గర పాకే వయసు పాపాయికి తేనె నాకించబోతుంటే నేను లేచి వెళ్లి వారించాను. ఏడాది నిండని శిశువులకు తేనె పెట్టకూడదు, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. తినిపించే ఇంటివారికి ఈ మాట తెలిసి ఉండాలి కదా!

ఇంటికి వచ్చిన మూడో రోజున మా చిన్నవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షలో ఏ క్రిమీ తేలలేదు కాబట్టి ఆ ఫారమే కారణమని నేను చెప్పను. వాడు వారంలో కోలుకున్నాడు. ఆ వారం నేను నిద్రపోలేదు.

మీరు వెళ్లదలిస్తే, కట్టే ముందు ఫోను చేసి ‘ఈ వారం మీ పొలంలో ఏమేమి కోతకు వచ్చాయి?’ అని అడగండి. నిజంగా పండించేవారు ఈ ప్రశ్నకు తడుముకోరు. ఏది ఎప్పుడు నాటారో, దేనికి పురుగు పట్టిందో, ఏది రెండు వారాలు ఆగాలో చెప్పుకుంటూ పోతారు, మీరే ఆపవలసి వస్తుంది. పంట పోతే ఏమి పంపుతారో, బయటి సరుకు కలిపితే ఎలా తెలియజేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మొదటిసారి ఒక నెలకే కట్టండి. పిల్లలు ఉంటే, చేతులు కడుక్కునే కుళాయి పశువులకు ఎంత దూరంలో ఉందో కూడా అడగండి. ఇవన్నీ నేను అడగకుండానే డబ్బు పంపాను.

నేను ఉత్తరం రాస్తే, మిగిలిన వారాల సొమ్ములో సగం తిరిగి పంపారు. తక్కిన సగానికి రెండో ఉత్తరం రాశాను, బిల్లులు, ట్రేల ఫొటోలు జతచేసి ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు కూడా ఇచ్చాను. రెండింటికీ ఇంకా జవాబు రాలేదు. ఆ బుట్టకు డబ్బు కట్టినవారు ఇంకెవరైనా ఉంటే, చీటీలు పారేయకుండా దాచిపెట్టండి.