గ్రాండ్ నేషనల్: తేలిక గుర్రమా, పేరున్న గుర్రమా, దమ్మున్న గుర్రమా?

ఏప్రిల్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం దగ్గర పడితే చాలు, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, ఆఫీసులో అందరూ తలో గుర్రం పేరు చెప్తున్నారు, నేనేం చెప్పను?" స్వీప్‌స్టేక్ అయితే నా సలహాతో పనే లేదు, చీటీలో ఏ పేరొస్తే అదే మీ గుర్రం. ఎంచుకునే వీలున్నవాళ్ల కోసమే ఇది. అదీ సరదాకి ఐదు పౌండ్లు పెట్టేవాళ్ల కోసం. అంతకు మించి పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

మలక్‌పేట రేసులు చూసి పెరిగినవాళ్లు ముందు ఆ లెక్కలన్నీ పక్కన పెట్టాలి. ముంబైలో ఇండియన్ డర్బీ 2400 మీటర్లు. నాలుగేళ్ల గుర్రాలు రెండున్నర నిమిషాల్లో తేల్చేస్తాయి. లివర్‌పూల్ పక్కన ఏన్‌ట్రీలో జరిగే ఈ పందెం దాదాపు 6.9 కిలోమీటర్లు. ముప్పై కంచెలు దూకాలి, తొమ్మిది నిమిషాలకు పైగా పరిగెత్తాలి. ఏడేళ్లు నిండని గుర్రాన్ని అసలు రానివ్వరు. మనకు అలవాటైన "గేటు తెరవగానే దూసుకుపోయింది" అనే మెచ్చుకోలు ఇక్కడ అనుమానించాల్సిన లక్షణం.

జనం సాధారణంగా మూడు రకాల గుర్రాల మధ్య ఊగిసలాడతారు: తక్కువ బరువు (జాకీ, జీను, అదనంగా పెట్టే సీసం కలిపి) మోసేది, రేటింగ్ (గుర్రం సత్తాకి ఇచ్చే అంకె) పెద్దది కాబట్టి ఎక్కువ బరువు మోసేది, ఇంతకుముందు ఏన్‌ట్రీలో బాగా పరిగెత్తినది.

మొదట తేలిక గుర్రం సంగతి. ఇది హ్యాండిక్యాప్ పందెం. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, మామూలు దానికి తక్కువ. పాతకాలపు పందెంరాయుళ్లు ఎవర్నడిగినా "11 స్టోన్ దాటిందా, పేరు కొట్టేయ్" అనేవాళ్లు. ఊరికే అనలేదు. 1984 నుంచి 2009 దాకా 11 స్టోన్లు, అంటే సుమారు 70 కిలోలు, దాటి మోసి గెలిచింది ఒక్క హెడ్జ్‌హంటరే, 2005లో. అదీ 11 స్టోన్ల పైన ఒకే ఒక్క పౌండు, అర కిలో కూడా కాదు.

ఈ నమ్మకానికి వెనుక 1973 నాటి పందెం కూడా ఉంది. క్రిస్ప్ అనే ఆస్ట్రేలియా గుర్రం మీద 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ మీద పది కిలోలు తక్కువ. క్రిస్ప్ కంచెల్ని లెక్కచేయకుండా దూకుతూ మిగతావాటిని చాలా దూరం వెనక వదిలేసింది. చివరి కంచె దూకేసరికి కూడా పదిహేను లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) ముందుంది. అక్కడి నుంచి గీత దాకా 450 మీటర్లు, కంచెలేమీ లేవు, మధ్యలో ఎల్బో అనే చిన్న మలుపు మాత్రం ఉంటుంది. అక్కడికొచ్చేసరికి క్రిస్ప్ కాళ్లు తడబడ్డాయి, తిన్నగా పరిగెత్తలేక ఎడమకి జరిగింది. గీతకు రెండు అంగల ముందు రెడ్ రమ్ దాటేసింది. తేడా ముప్పావు లెంగ్త్. ఓడిన గుర్రం కూడా అప్పటిదాకా ఉన్న రికార్డు కంటే పద్దెనిమిది సెకన్లకు పైగా తొందరగా వచ్చింది. ఇప్పటికీ ఆ వీడియో చూస్తే నాకు టెన్షన్ వస్తుంది, ఫలితం తెలిసి కూడా.

ఆ పందెం చూసినవాళ్లంతా "బరువే ముంచింది" అన్నారు. బరువు ముంచిందన్నది నిజమే. కానీ క్రిస్ప్ అంతకు రెండేళ్ల ముందు చెల్టెన్‌హామ్ రేసుల్లో రెండు మైళ్ల ఛాంపియన్ అన్న సంగతి చాలామంది మర్చిపోతారు. దాని అసలు బలం వేగం. దాని సంగతి మళ్లీ చెప్తాను.

ఇక పేరున్న, బరువైన గుర్రం. 2010 నుంచి లెక్క తిరగబడింది. ఆ ఏడాది డోంట్ పుష్ ఇట్, 2012లో నెప్ట్యూన్ కొలాంజ్, 2015లో మెనీ క్లౌడ్స్, 2019లో టైగర్ రోల్, 2024లో ఐ యామ్ మ్యాక్సిమస్, 2025లో నిక్ రాకెట్. ఇవన్నీ 11 స్టోన్ల 5 పౌండ్లో, అంతకు మించో మోసి గెలిచినవే. 2025లోనైతే మొదటి మూడు స్థానాల్లో నిలిచినవన్నీ జాబితా పైభాగంలోని బరువైన గుర్రాలే. మూడూ ఐర్లండ్ ట్రైనర్ విల్లీ మలిన్స్ శిక్షణవే. రెండో స్థానంలో వచ్చిన ఐ యామ్ మ్యాక్సిమస్ మీద అందరికన్నా ఎక్కువ, 11 స్టోన్ల 12 పౌండ్లు.

కారణం గుర్రాలు బలిసిపోవడం కాదు, పందెం మారిపోవడం. 2013లో కంచెల లోపలి కర్ర దిమ్మెలు తీసేసి మెత్తటి ప్లాస్టిక్ పెట్టారు. 2023లో హిల్ సిక్స్‌టీన్ అనే గుర్రం మొదటి కంచె దగ్గరే పడి చనిపోయింది, ఆ రోజే నిరసనకారుల వల్ల పందెం ఆలస్యమైంది. మరుసటి ఏడాది నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కి తగ్గించారు. మొదటి కంచెను మొదలుకు దగ్గరగా జరిపారు, వేగం పుంజుకోకముందే దూకుతాయని. కనీస రేటింగ్ 125 నుంచి 130కి పెరిగింది. అదీ కాగితం మీది గీతే, నిజానికి దానికి బాగా పైనున్నవాటికే చోటు దొరుకుతోంది. అంటే రేటింగ్ తక్కువ, బరువు తక్కువ, అదృష్టం ఎక్కువ అన్న రకం గుర్రం గుమ్మం బయటే ఆగిపోతోంది. 2024లో 32 గుర్రాలు పరిగెత్తితే ఒక్కటీ పడలేదు. నాలుగింటి మీద నుంచి జాకీలు జారిపడ్డారు, 21 గీత దాటాయి. ప్రతి ఏడాదీ అలా ఉండదు కానీ, సగం గుర్రాలు కంచెల దగ్గరే పోయి మిగిలినదేదో గెలిచే రోజులు మాత్రం పోయాయి.

కాబట్టి తేలిక, బరువు రెండింటి మధ్యే తేల్చమంటే ఇప్పుడు నా ఓటు బరువు వైపే. అలాగని తేలికవి చచ్చిపోలేదు. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ ఎక్కిన మినెలా టైమ్స్ 10 స్టోన్ల 3 పౌండ్లతో గెలిచింది, అలా ఈ పందెం గెలిచిన తొలి మహిళ ఆమె. 2023లో కోరాక్ ర్యాంబ్లర్ మోసింది 10 స్టోన్ల 5 పౌండ్లు. ఈ రెండో దాంట్లో ఒక కిటుకుంది. బరువులు ఫిబ్రవరిలోనే ఖరారైపోతాయి. ఆ తర్వాత గుర్రం ఎంత పెద్ద పందెం గెలిచినా పెంచరు. కోరాక్ ర్యాంబ్లర్ మార్చిలో చెల్టెన్‌హామ్‌లో గెలిచింది, కానీ నేషనల్‌లో పాత బరువుతోనే దిగింది. తేలిక గుర్రం కావాలనుకుంటే ఇలాంటి దాన్ని వెతకండి, ఊరికే జాబితా అడుగున ఉన్నదాన్ని కాదు.

ఏన్‌ట్రీ అనుభవం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెడ్ రమ్ మూడుసార్లు గెలిచి, రెండుసార్లు రెండోది వచ్చింది కాబట్టి అందరూ అలాంటిదాన్నే వెతుకుతారు. కానీ 1936లో రెనాల్డ్స్‌టౌన్ తర్వాత వరుసగా రెండేళ్లు గెలిచినవి రెడ్ రమ్, టైగర్ రోల్ రెండే. మినెలా టైమ్స్ మరుసటి ఏడాది పడిపోయింది. కోరాక్ ర్యాంబ్లర్ 2024లో మొదటి కంచె దగ్గరే జాకీని పడేసింది. నిరుటి విజేత మీద అందరి కళ్లూ ఉంటాయి, ఆడ్స్ (గెలిస్తే పెట్టిన డబ్బుకు ఎన్ని రెట్లు వస్తుందన్న లెక్క) కూడా అందుకు తగ్గట్టే తగ్గిపోతాయి. నిరుడు నాలుగో, ఐదో స్థానంలో వచ్చి, చివర్లో ఇంకా పరిగెత్తుతూ ఉన్న గుర్రమైతే ఒక చూపు చూడొచ్చు.

ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోవడం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం. ఆ గుర్రానికి దమ్ముందా? మూడున్నర మైళ్లు దాటిన పందెంలో, అలసిపోయాక కూడా ముందుకు వచ్చిన రుజువుందా? కంచెలు మెత్తబడ్డాక ఈ పందెం బీచర్స్ బ్రుక్ అనే పేరుమోసిన కంచె దగ్గర తేలడం మానేసి, ఆఖరి అర మైల్లో తేలుతోంది. కాబట్టి ఆ అర మైలు ఎవరికి మిగులుతుందన్నదే అసలు లెక్క.

గెలిచినవాటి పాత రికార్డు తిరగేస్తే ఇది కనిపిస్తుంది. ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు కూడా వాటి నేషనల్‌లు ఉన్నాయి. ఫెయిరీహౌస్‌లో జరిగే ఐరిష్ నేషనల్ సుమారు 5.8 కిలోమీటర్లు, ఎయిర్‌లో జరిగే స్కాటిష్ నేషనల్ 6.4 కిలోమీటర్లు. వేల్స్‌ది చెప్‌స్టోలో, చలికాలపు బురదలో. బాబీజో 1998లో ఐరిష్ నేషనల్ గెలిచి 1999లో ఇక్కడ గెలిచింది. నంబర్‌సిక్స్‌వాల్వర్డే 2005లో అక్కడ, 2006లో ఇక్కడ. ఐ యామ్ మ్యాక్సిమస్ 2023లో అక్కడ, 2024లో ఇక్కడ. ఎర్త్ సమిట్ స్కాటిష్, వెల్ష్ రెండూ గెలిచి 1998లో ఇక్కడికొచ్చి బురదలో గెలిచింది. 2007లో సిల్వర్ బర్చ్ గెలిస్తే జనం ముక్కున వేలేసుకున్నారు, కానీ అది 2004లోనే వెల్ష్ నేషనల్ గెలిచిన గుర్రం.

నాకు ఇంకా నచ్చే ఉదాహరణలు ఆ చిన్న నేషనల్‌లు గెలవకుండానే ఇక్కడ గెలిచినవి. 2016లో గెలిచిన రూల్ ద వరల్డ్ అప్పటిదాకా కంచెల పందెం ఒక్కటీ గెలవలేదు. అందుకే 33/1 పలికింది, అంటే పౌండు పెడితే 33 పౌండ్ల లాభం. కానీ 2015 ఐరిష్ నేషనల్‌లో రెండో స్థానం దానిదే. 2013 విజేత ఆరోరాస్ ఎన్‌కోర్ 66/1. దాన్ని ఫ్లూక్ అన్నారు. ముందు ఏడాది స్కాటిష్ నేషనల్‌లో అది తల తేడాతో ఓడింది! నాలుగు మైళ్లు పరిగెత్తి తల తేడాతో ఓడిన గుర్రాన్ని 66/1కి వదిలేసినవాళ్లు ఈ మధ్య ఎన్ని గెలిచిందో మాత్రమే చూశారు.

వంశమో, మొదట్లో పరిగెత్తిన పందేలో చూసి దమ్ము అంచనా వేద్దామంటే కుదరదు. రెడ్ రమ్ రెండేళ్ల వయసులో ఇదే ఏన్‌ట్రీలో కిలోమీటరు పందెంలో పరిగెత్తి సమానంగా మొదటి స్థానం పంచుకుంది. టైగర్ రోల్ 2014లో చెల్టెన్‌హామ్‌లో రెండు మైళ్ల హర్డిల్స్ (చిన్న కంచెల పందెం) గెలిచిన చిన్న గుర్రం. 2017లో అక్కడే నాలుగు మైళ్ల పందెం గెలిచాక గానీ దాని సంగతి తెలియలేదు. దూరం పరిగెత్తించి చూడాల్సిందే. క్రిస్ప్‌కీ రెడ్ రమ్‌కీ మధ్య పది కిలోల తేడా ఉంది నిజమే, కానీ ఎల్బో దగ్గర కనిపించింది మాత్రం రెండు మైళ్ల గుర్రానికి నాలుగున్నరో మైలు ఎలా ఉంటుందో అదే.

మరి చూసేదెలా? ఫామ్ వరసలో, అంటే గుర్రం పేరు పక్కన ఉండే పాత పందేల ఫలితాల్లో, అంకెలు గెలుపోటములే చెప్తాయి. ఎఫ్ అంటే పడింది, యూ అంటే జాకీ జారిపోయాడు, పీ అంటే మధ్యలో ఆపేశారు. దూరపు పందేల్లో పీలు వరసగా ఉంటే నేను ఆ పేరు దగ్గర ఆగను. ఒక్క ఎఫ్ ఉంటే మాత్రం కంగారు పడను. తర్వాత ఆ గుర్రం పరిగెత్తిన అతి పొడవైన పందెం వీడియో తీసి, చివరి రెండు కంచెల నుంచి గీత దాకా మాత్రమే చూడండి. ఎన్నో స్థానంలో ఉందన్నది వదిలేయండి. ముందున్నవాటికీ దానికీ మధ్య దూరం తగ్గుతోందా, పెరుగుతోందా? జాకీ భుజాలు ఎప్పుడు కదలడం మొదలుపెట్టాయి? చివరి కంచె దూకి దిగాక గుర్రం మెడ ముందుకు సాగుతోందా, తల పైకి లేస్తోందా? తల పైకి లేపి తోక ఊపుతుంటే దానికి చాలని అర్థం. పేపర్లో వ్యాఖ్య కూడా చదవండి. "స్టేడ్ ఆన్" (చివరిదాకా ఆగకుండా పరిగెత్తింది) అని ఉంటే మంచిది. "నో ఎక్స్‌ట్రా" (ఇంకేమీ మిగల్లేదు) అని ఉంటే ఇంకో మైలు ఇస్తే ఇంకా ఘోరంగా ఉంటుంది.

నా లెక్కకు ఎదురొచ్చేవీ ఉన్నాయి, దాచను. మినెలా టైమ్స్‌కి గానీ 2022లో 50/1తో గెలిచిన నోబుల్ యేట్స్‌కి గానీ ముందు ఇలాంటి దూరపు నేషనల్ గెలిచిన రికార్డు లేదు. రెండూ ఎదుగుతున్న చిన్న వయసు గుర్రాలు. రుజువు లేకపోవడం, దమ్ము లేకపోవడం ఒకటి కాదు కదా. కానీ నా ఐదు పౌండ్లు రుజువు ఉన్నదాని మీదే పెడతాను.

వయసు తేలికైన వడపోత. 2015 నుంచి 2025 దాకా గెలిచినవన్నీ ఏడు నుంచి తొమ్మిదేళ్లవే. పన్నెండేళ్లది చివరిసారి గెలిచింది 2004లో, ఆంబర్లీ హౌస్. 2025లో పదమూడేళ్ల సెలెబ్ర్ డాలెన్ చివర్లో ముందంజలోకి వచ్చి, ఒక్కసారిగా వెనకబడి, పందెం తర్వాత కుప్పకూలి, కొద్ది రోజులకు చనిపోయింది. ముసలి గుర్రం మీద జాలితో పందెం కాయడం నాకు ఇష్టం ఉండదు.

నేల గురించి ఇదివరకంత ఆలోచించక్కర్లేదు, గట్టిపడకుండా నీళ్లు పెడతారు. వర్షం వారమంతా పడితే మాత్రం నా దమ్ము లెక్కకు ఇంకాస్త బలం. జాకీ పేరు చూసి ఎంచుకోవద్దు. 2025లో గెలిచిన ప్యాట్రిక్ మలిన్స్ అమెచ్యూర్. ట్రైనర్ అయితే ఐర్లండ్ వాళ్లవి ముందు చదవండి, 2018 నుంచి 2025 దాకా 2023 తప్ప అన్నీ వాళ్లవే.

రెండు గుర్రాలు అన్నిట్లో సమానంగా కనిపిస్తే నేను ఎనిమిదేళ్ల దాన్ని తీసుకుంటాను, బరువు 11 స్టోన్లు దాటినా సరే.

రంగు నచ్చి బూడిద గుర్రాన్ని ఎంచుకునే మా చెల్లెలి లాంటి వాళ్లు కూడా ఉంటారు. 1839 నుంచి జరుగుతున్న పందెంలో ఆ రంగువి గెలిచినవి మూడే: పందొమ్మిదో శతాబ్దంలో ద ల్యాంబ్, 1961లో నికొలస్ సిల్వర్, 2012లో నెప్ట్యూన్ కొలాంజ్. ఆ చివరిది గెలిచింది ముక్కు తేడాతో.