టెలిస్కోపిక్ గేజ్ సెట్: గొడవంతా లాక్ నాబ్‌తోనే

బోరు (గుండ్రటి రంధ్రం) లోపలి వ్యాసాన్ని 8 నుంచి 150 మి.మీ. దాకా కొలిచే ఆరు గేజ్‌ల సెట్ ఇది. స్ప్రింగుతో విచ్చుకునే ప్లంజర్లని (కొలిచే కడ్డీల్ని) బోరులో లాక్ నాబ్‌తో బిగించి, బయటికి తీసి, ఆ పొడవుని మైక్రోమీటర్‌తో చూస్తాం. ప్లంజర్లు గట్టివి, స్ప్రింగులు ఇంకా చురుగ్గానే ఉన్నాయి. నా కోపమంతా లాక్ నాబ్ మీదే. నాబ్ బిగిస్తుంటే ప్లంజర్ కదులుతుంది.

12.7–19 మి.మీ. గేజ్ అయితే మరీ దారుణం. ఒకే బోరుకి 16.02, 16.05, 16.03 అని పూటకో మాట చెప్పేది. మైక్రోమీటర్ జీరో బాగానే ఉంది. చేతి తేడా అనుకుందామంటే, అదే చేత్తో పక్క గేజ్ 0.01 లోపే నిలుస్తోంది. నాబ్ పూర్తిగా విప్పి లోపలి కడ్డీ బయటికి తీస్తే సంగతి తెలిసింది: కొస మీద సన్నని బర్ (లోహపు గరుకు అంచు), చుట్టూ జిగురుగా గట్టిపడ్డ గ్రీజు. కడ్డీ తిరుగుతూ వచ్చి ప్లంజర్‌ని నొక్కుతుంది కదా, కొస గరుకుగా ఉంటే నొక్కుతూనే పక్కకి ఈడ్చేస్తుంది. ఆయిల్ స్టోన్ మీద బర్ తీసి, కిరోసిన్‌తో కడిగి, పల్చటి స్పిండిల్ ఆయిల్ ఒక్క చుక్క వేశాక ఇదీ 0.01 లోపలికి వచ్చింది. కొత్త సెట్ కొన్నా ముందు ఈ పని చేసుకోవడం మంచిది.

అయినా చివరిదాకా బిగించకూడదు. గేజ్‌ని కాస్త వాల్చి బోరులో పెట్టి, ప్లంజర్లు విచ్చుకున్నాక నాబ్‌ని ఒరుసుకునేంత మాత్రమే బిగించాలి. హ్యాండిల్‌ని నిలువు దాటించి అవతలి వైపుకి ఒక్కసారే ఊపాలి. ప్లంజర్లని సరైన కొలతకి నొక్కేది బోరే. రెండోసారి ఊపితే కొలత తగ్గుతుంది. మైక్రోమీటర్ దగ్గరా అంతే సుతారంగా తాకించాలి. రెండో రీడింగ్ మొదటిదాని కంటే తక్కువొస్తే మైక్రోమీటరే ప్లంజర్‌ని లోపలికి నెట్టినట్టు.

ప్లంజర్లు గట్టివన్నాను గానీ, ఎక్కువ వాడే 19–32 గేజ్ కొసల్లో గుండ్రదనం కొద్దిగా అరిగి చదునైంది. చదునైన కొస బోరులో అంచుల మీద ఆనుతుంది, అందుకే రీడింగ్ అసలు కంటే తక్కువొస్తుంది. చిన్న బోరులో ఇది ఇంకా ఎక్కువ. రింగ్ గేజ్ (లోపలి కొలత కచ్చితంగా తెలిసిన ఉంగరం) లేకపోతే 6205 బేరింగ్ లోపలి రింగులో సరిచూసుకోవచ్చు. సాధారణ క్లాస్ బేరింగ్‌కి అది 24.99–25.00 మధ్య ఉంటుంది.

లేత్ మీద ఒకటీ అరా జాబులు బోరింగ్ చేసే నాకు ఇది చాలు. 25 హెచ్7 (25 మి.మీ. బోరుకి ఒక ప్రామాణిక గ్రేడ్) అంటే మొత్తం టాలరెన్సే (అనుమతించే తేడా) 0.021 మి.మీ. అందులో సగం ఈ గేజ్ తేడాకే పోతుంది కాబట్టి అక్కడ ముల్లుతో తేడా చూపే డయల్ బోర్ గేజే తీస్తాను. ఇక పూర్తి గుండ్రంగా కాక మూడు మూలలు తేలిన బోరుని ఇది పట్టుకోలేదు: ఎటు తిప్పినా కొలత ఒకటే, షాఫ్ట్ మాత్రం దిగదు. 13 లోపు రంధ్రాలకి నేను స్మాల్ హోల్ గేజ్ వాడతాను, సెట్‌లోని 8–12.7 గేజ్ పెట్టెలోనే ఉంటోంది.