డిజిటల్‌ఓషన్‌లో సైబర్‌ప్యానెల్ డ్రాప్లెట్: సైట్లకు సై, మెయిలుకు నై

క్లౌడ్ సర్వర్లు అద్దెకిచ్చే డిజిటల్‌ఓషన్‌లో అద్దె సర్వర్‌ను డ్రాప్లెట్ అంటారు. దాని మార్కెట్‌ప్లేస్‌లో సైబర్‌ప్యానెల్ (వెబ్‌సైట్లను బ్రౌజర్ నుంచే నడిపే కంట్రోల్ ప్యానెల్) ఇమేజ్‌ను, అంటే ముందే సిద్ధం చేసిన సర్వర్ నమూనాను, ఎంచుకుంటే కొద్ది నిమిషాల్లో సర్వర్ లేస్తుంది. ఉబుంటు మీద వెబ్‌సర్వర్ ఓపెన్‌లైట్‌స్పీడ్, డేటాబేస్ మారియాడీబీ, మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూసే డవ్‌కాట్, డొమైన్ పేర్లను ఐపీలకు కలిపే డీఎన్‌ఎస్ సర్వర్ పవర్‌డీఎన్‌ఎస్, ఎఫ్‌టీపీ సర్వర్, పీహెచ్‌పీ‌మైఅడ్మిన్ అన్నీ కూర్చి పెట్టి ఉంటాయి. ఇవన్నీ విడివిడిగా వేసుకుంటే ఒక పూట పోతుంది, కాబట్టి ఆ మేరకు ఇమేజ్‌కి పూర్తి మార్కులు. ప్యానెల్‌కి లైసెన్స్ ఖర్చు లేదు, సైట్ల సంఖ్యకు పరిమితి లేదు. 2019 నుంచి అకౌంట్ల లెక్కన వసూలు చేస్తున్న సీప్యానెల్ అనే మరో ప్యానెల్‌తో పోల్చితే చిన్న ఏజెన్సీలకు ఇదే పెద్ద ఆకర్షణ.

హైదరాబాద్, విజయవాడ పాఠకులకు నడిచే సైట్లయితే బెంగళూరు రీజియన్ తీసుకోండి. 1 జీబీ ర్యామ్‌తో కూడా ఇన్‌స్టాల్ అవుతుంది కానీ ఆ ప్లాన్ జోలికి పోవద్దు. మెయిల్, డీఎన్‌ఎస్ సర్వీసులు, ప్యానెల్ తినగా మిగిలిన దాంట్లో రెండు వర్డ్‌ప్రెస్ సైట్లు ఇరుక్కుంటాయి. రద్దీ పెరగ్గానే లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) మెమరీ ఎక్కువ వాడుతున్న మారియాడీబీని చంపేస్తుంది, తెర మీద డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ వస్తుంది. చాలామంది ప్లగిన్లను తిట్టుకునేది ఇక్కడే. 2 జీబీ ప్లాన్ నెలకు 12 డాలర్లు. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) ఉందో లేదో చూసి, లేకపోతే 2 జీబీ స్వాప్ ఫైల్ పెట్టండి. తర్వాత పెంచాల్సి వస్తే సీపీయూ, ర్యామ్ మాత్రమే పెంచే ఆప్షన్ ఎంచుకోండి. డిస్క్ ఒకసారి పెంచారా, ఇక తగ్గించడం కుదరదు.

డ్రాప్లెట్ పేరు దగ్గర తొందరపడకండి. ఆ పేరే రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ అడ్రస్ నుంచి సర్వర్ పేరు చెప్పే రికార్డు) అవుతుంది. ఏదో టెస్ట్ పేరు పెట్టకుండా, ప్యానెల్‌కి వాడబోయే పూర్తి సబ్‌డొమైన్‌నే పేరుగా ఇవ్వండి. లాగిన్‌కి పాస్‌వర్డ్ కాకుండా ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కీ పెట్టండి.

ప్యానెల్ 8090 పోర్టులో తెరుచుకుంటుంది. సర్టిఫికెట్ సొంత సంతకంది (బయటి సంస్థ ధ్రువీకరించనిది) కాబట్టి బ్రౌజర్ మొదట భయపెడుతుంది, అది మామూలే. అడ్మిన్ పాస్‌వర్డ్ రూట్ యూజర్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) హోమ్ ఫోల్డర్‌లో లైట్‌స్పీడ్ పాస్‌వర్డ్ అనే దాచిన ఫైల్లో ఉంటుంది. మరిచిపోతే అడ్మిన్‌పాస్ కమాండ్ పక్కన కొత్త పాస్‌వర్డ్ రాస్తే చాలు (స్పెల్లింగ్‌లో పాస్ మొదటి అక్షరం పెద్దది). లోపలికి వెళ్లాక సైట్ సృష్టించే ముందు వెర్షన్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి అప్‌గ్రేడ్ చేయండి. మార్కెట్‌ప్లేస్ ఇమేజ్ అది తయారైన రోజు వెర్షన్‌తోనే వస్తుంది.

ఇది చాదస్తం కాదు. 2024 అక్టోబర్ చివర్లో సైబర్‌ప్యానెల్‌లో సివిఇ-2024-51567 అనే నంబరుతో భద్రతా లోపం బయటపడింది. లాగిన్ అవసరం లేకుండానే రూట్ అధికారంతో కమాండ్లు నడిపే వీలు దొరికింది. భద్రతా తనిఖీ పోస్ట్ (సర్వర్‌కు డేటా పంపే హెచ్‌టీటీపీ పద్ధతి) రిక్వెస్టులకు మాత్రమే రాసి ఉండటంతో వేరే పద్ధతిలో పంపినవి నేరుగా లోపలికి వెళ్లిపోయాయి. పీసాక్స్ అనే రాన్సమ్‌వేర్ వేల సర్వర్లలో ఫైళ్లకు తాళం వేసింది. ఈ దాడికి దారి ప్రపంచమంతటికీ తెరిచి ఉంచిన ప్యానెల్ పోర్టే. కాబట్టి డిజిటల్‌ఓషన్ క్లౌడ్ ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌కి 22, వెబ్‌కి 80, 443 తెరిచి (హెచ్‌టీటీపీ 3 కావాలంటే 443 యూడీపీ కూడా), 8090, 7080 (ఓపెన్‌లైట్‌స్పీడ్ అడ్మిన్ పేజీది) మూసేయండి. ఇంటి ఐపీకి మాత్రమే అనుమతి ఇద్దామంటే మన బ్రాడ్‌బ్యాండ్‌లలో ఐపీ తరచూ మారుతుంది, చాలాచోట్ల పదిమందికి కలిపి ఒకటే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌తో సర్వర్‌లోని 8090 ని మీ కంప్యూటర్‌కి తెచ్చుకుని లోకల్‌హోస్ట్‌లో తెరవడమే మేలు.

సైట్ సృష్టించడం, వర్డ్‌ప్రెస్ వేయడం హాయిగా ఉన్నాయి. లైట్‌స్పీడ్ కాష్ ప్లగిన్ ఆన్ చేస్తే తేడా కంటికే కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌ఎల్ (హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్) దగ్గర మాత్రం ఒక మోసం ఉంది: లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచిత సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) విఫలమైతే ప్యానెల్ గట్టిగా చెప్పకుండా సొంత సంతకం సర్టిఫికెట్ అంటించేస్తుంది. కారణం తరచూ పాత హోస్టింగ్‌ను చూపిస్తున్న ఇంగ్లిష్ 'ఏ' రికార్డో (డొమైన్‌ను ఐపీకి చూపే డీఎన్‌ఎస్ రికార్డు), మరిచిపోయిన ఐపీవీ6 రికార్డో, సబ్‌డొమైన్‌కి డీఎన్‌ఎస్ రికార్డే లేకపోవడమో అయి ఉంటుంది. బటన్ పదేపదే నొక్కకండి, గంటలో 5 విఫల ప్రయత్నాలు దాటితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు తలుపు మూసేస్తుంది.

అపాచీ అనే వెబ్‌సర్వర్ నుంచి వచ్చేవాళ్లకు సైట్ సెట్టింగుల ఫైల్ హెచ్‌టీయాక్సెస్‌తో ఇంకో చిక్కు. హెచ్‌టీ‌యాక్సెస్ ఫైల్లో ఓపెన్‌లైట్‌స్పీడ్ పట్టించుకునేది రీరైట్ నియమాలను (అడ్రస్‌లను దారి మళ్లించేవి) మాత్రమే. పీహెచ్‌పీ విలువలు, ఐపీ నిరోధాలు అక్కడ రాస్తే పని చేయవు. రీరైట్ మార్చినా వెబ్‌సర్వర్‌ను రీస్టార్ట్ చేసేదాకా పాత నియమమే నడుస్తుంది. రూట్‌గా ఫైళ్లు కాపీ చేస్తే ఓనర్ మారిపోయి, వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ సమయంలో ఎఫ్‌టీపీ వివరాలు అడుగుతుంది. అవి ఇవ్వక్కర్లేదు, ఫైల్ మేనేజర్‌లో ఫిక్స్ పర్మిషన్స్ నొక్కండి.

ఇక మెయిల్. ప్యానెల్‌లో మెయిల్‌బాక్సులు, డీకిమ్ (ఉత్తరం అసలైనదని చెప్పే సంతకం), వెబ్‌మెయిల్ అన్నీ కనిపిస్తాయి, బయటి నుంచి ఉత్తరాలు వస్తాయి కూడా (ఫైర్‌వాల్‌లో 25 తెరిస్తే). పంపినవి మాత్రం క్యూలోనే కూర్చుంటాయి. లాగ్‌లో కనెక్షన్ టైమ్‌డ్ అవుట్ కనబడితే పోస్ట్‌ఫిక్స్‌ను కెలకొద్దు, అక్కడ తప్పేమీ లేదు. డ్రాప్లెట్ల నుంచి బయటికి వెళ్లే 25, 465, 587 పోర్టులను డిజిటల్‌ఓషనే మూసి ఉంచుతుంది. 2525 పోర్టు ఇచ్చే రిలే సర్వీసు (మన మెయిల్‌ను తన సర్వర్ల ద్వారా పంపేది) తీసుకుని పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్‌గా పెట్టుకోవాలి, ఎస్‌పీఎఫ్ రికార్డులో (మన డొమైన్ తరఫున ఎవరు మెయిల్ పంపవచ్చో చెప్పేది) దాని పేరు చేర్చాలి. ఓటీపీలు, ఆర్డర్ రసీదులకు ఇది చాలు. ఆఫీసు ఉత్తరాలకైతే విడిగా మెయిల్ సర్వీసు కొనుక్కుని ఎంఎక్స్ (మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) అటు తిప్పండి. అప్పుడు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఆపేస్తే కొంత ర్యామ్ కూడా మిగులుతుంది. మెయిల్ అసలే వద్దనుకుంటే మెయిల్ సర్వర్ లేని క్లౌడ్‌ప్యానెల్ అనే మరో ప్యానెల్ ఇంకా తేలిక.

బ్యాకప్ బటన్ నొక్కితే ఫైలు అదే డిస్క్‌లో, ఆ సైట్ హోమ్ ఫోల్డర్ కిందే పడుతుంది. సర్వర్ పోతే అదీ పోతుంది, లేదా డిస్క్ నిండి డేటాబేస్ ఆగిపోతుంది. షెడ్యూల్‌ను వేరే స్టోరేజ్‌కి పెట్టండి. డిజిటల్‌ఓషన్ వారపు బ్యాకప్‌కి ప్లాన్ ధరలో 20 శాతం అదనం. అంటే 2 జీబీకి 14.40 డాలర్లు, జీఎస్‌టీ 18 శాతం కలిపితే 17 కి కాస్త తక్కువ. జీఎస్‌టీ నంబర్ ఉంటే ముందే బిల్లింగ్‌లో ఇవ్వండి. డ్రాప్లెట్‌ను ఆపి ఉంచినా బిల్లు ఆగదు. అక్కర్లేనప్పుడు స్నాప్‌షాట్ (సర్వర్ పూర్తి నకలు) తీసి డ్రాప్లెట్‌ను డిలీట్ చేయడమే దారి.