ఏడేళ్ళు ఆడించాక: సర్వనామాల ఆటల్లో ఏవి పనికొచ్చాయి

మండల పరిషత్ బడిలో 4, 5 తరగతులకు తెలుగు చెబుతూ ఏడేళ్ళుగా ఈ ఆటలు ఆడిస్తున్నాను. తరగతికి 30 మంది అటూ ఇటూగా ఉంటారు, పీరియడ్ 40 నిమిషాలు. "నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం" అని అందరూ గడగడా అప్పజెబుతారు. పరీక్షలో గుర్తించమంటే గుర్తిస్తారు కూడా. సొంతంగా రాయమంటే మాత్రం "రవి, గోపి చెరువుకు వెళ్ళారు. అతను జారిపడ్డాడు" అని రాసుకొస్తారు. ఎవర్రా పడింది అని అడిగితే ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూస్తారు. ఏ ఆటకైనా ఈ జబ్బు కుదిర్చిందా లేదా అని చూసి మాత్రమే మార్కులు వేస్తాను.

ముందు దండగ ఖర్చు సంగతి. మొదటి ఏడాది రంగురంగుల కార్డుల పెట్టె కొన్నాను. ఒకదాని మీద అమ్మాయి బొమ్మ, ఇంకోదాని మీద "ఆమె", రెండింటినీ జత కలపాలి. రెండో రోజుకల్లా పిల్లలు కార్డుల మీది మరకలు, మడతలు గుర్తుపెట్టుకుని టకటకా కలిపేశారు. ముందు ఎవరి మాటా రాకుండా "ఆమె" అంటే ఎవరని? పెట్టె బీరువా మీద ఉంది, కావాలంటే ఇచ్చేస్తాను.

చిన్నప్పుడు మనమంతా ఆడిన "వీరీ వీరీ గుమ్మడిపండు, వీరి పేరేమి?" దానికంటే వెయ్యి రెట్లు నయం. సర్వనామం ఆట పేరులోనే ఉంది. నేను కొంచెం మార్చాను. కళ్ళు మూసుకున్న పిల్లకు తక్కినవాళ్ళు పేరు చెప్పకుండా ఆనవాళ్ళు చెప్పాలి. "వీళ్ళు" అంటే ఇద్దరు నిలబడ్డారని, "ఇది" అంటే ఎవరి సంచో ముందు పెట్టారని తనకు అర్థం కావాలి. చిక్కల్లా "ఇది" దగ్గరే. "ఇది పొద్దున ఆలస్యంగా వచ్చింది" అన్నాడొకడు. సంచా, స్నేహితురాలా? ఆడపిల్లలు మండిపడ్డారు. మన భాషలో ఆమె వచ్చినా "వచ్చింది", బస్సు వచ్చినా "వచ్చింది". చిన్నయసూరి వ్యాకరణ సూత్రాల జోలికి పోకుండానే ఐదో తరగతి పిల్లలు ఆ సంగతి పట్టేశారు. వాళ్ళిద్దరూ వచ్చేసరికి మాత్రం "వచ్చారు" అయిపోతుందేమిటి టీచర్ అని కూడా అడిగారు. ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు, నాకేమీ బాధ లేదు.

మనం, మేము నేర్పడానికి నేల మీద సుద్దతో ఒక గీత చాలు. అటు నలుగురు, ఇటు ఒకరు. నలుగురూ ఒక వాక్యం చెబుతారు. "మనం జాతరకు వెళ్దాం" అంటే ఇటువాడు గీత దాటి వాళ్ళలో కలవాలి. "మేము జాతరకు వెళ్తున్నాం" అంటే కదలకూడదు, కదిలితే అవుట్. ఇంట్లో హిందీ మాట్లాడే పిల్లాడొకడు రెండింటికీ "హమ్" అలవాటై మొదటి వారమంతా అవుటయ్యాడు. మూడో వారానికి అందరికంటే చురుగ్గా దూకేవాడు. ఈ ఆటలో ఒక ముల్లుంది, ఆలస్యంగా చూశాను. ఏడాది మధ్యలో చేరిన ఒక పిల్ల ఇటు నిలబడితే అటువాళ్ళు వరసగా "మేము, మేము" అనే వాక్యాలే చెప్పారు. వ్యాకరణం తప్పు లేదు, ఆ పిల్ల కళ్ళలో మాత్రం నీళ్ళు. అప్పటినుంచి మూడు వాక్యాల్లో ఒకటైనా "మనం" ఉండాలని నియమం పెట్టాను.

తొక్కుడుబిళ్ళ గడుల్లో వాడు, అతను, ఆయన, వారు అని రాసి, నేను ఎవరి పేరు పిలిస్తే ఆ గడిలోకి దూకమనడం ఇంకో ఆట. తాతయ్యకు "ఆయన", తమ్ముడికి "వాడు", దాకా బాగానే నడిచింది. కాలవలు శుభ్రం చేసే మనిషి అనగానే ముగ్గురు "వాడు" గడిలోకి దూకారు. ఆయన వయసెంత, మీ నాన్న వయసెంత అని కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చింది. ఈ ఆట మానలేదు, కానీ తొందరలో ఉన్న రోజు ఆడించను.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం పెన్నుల ఆటది. "రవి గోపికి తన పెన్ను ఇచ్చాడు" అని చదివితే రవి సొంత పెన్ను ఇవ్వాలి. "రవి గోపికి అతని పెన్ను ఇచ్చాడు" అంటే గోపి పెన్ను గోపికే తిరిగివ్వాలి. ఇంగ్లీషులో రెండింటికీ "హిజ్" ఒక్కటే, మనకు రెండున్నాయని చెబితే వాళ్ళకు గర్వం కూడా. ఒకసారి రవిగా నిలబడ్డ కుర్రాడు వెనక బెంచీ పిల్లాడి పెన్ను లాక్కొచ్చి గోపికి ఇచ్చాడు. తప్పురా అన్నాను. "అతను అంటే గోపీయే అని మీరు చెప్పలేదుగా టీచర్" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఆ నెలలో రాసిన కథల్లో "అతను" పక్కన ఎవరో తెలిసేలా రాసినవాళ్ళు సగానికి పైగా ఉన్నారు. ఏ కార్డూ నాకు అది చేసిపెట్టలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. గోల ఎక్కువ, పక్క తరగతి నుంచి రెండుసార్లు కబురొచ్చింది. 40 మంది దాటిన తరగతిలో సగంమంది చూస్తూ కూర్చోవాల్సిందే. ఇక పెన్నుల ఆటయ్యాక ఎవరి పెన్ను వాళ్ళకు చేరడం కల్ల. "తన"దో "అతని"దో తేలనివి ఇప్పటికి నా సొరుగులో పదకొండు ఉన్నాయి.